తిరగేసిన జాకెట్

మొన్న కార్తీకమాసంలో మావారికి జాకెట్ కొన్నాం. ఆయన రోజూ మంచులో పామర్రు నుంచి ఆటోనగర్ మెకానిక్ షెడ్డుకి బైకు మీద వెళ్తారు. ఆయన నల్లది తీస్తే, "అది ముసలాళ్ల జాకెట్‌లా ఉందండీ" అని నేనే క్రీము రంగుది ఎంచాను. మరక చేస్తే ఊరుకోనని కూడా చెప్పాను.

వారం తర్వాత, మా ఆఫీసావిడతో ఆటోలో వెళ్తుంటే సిగ్నల్ దగ్గర మావారు కనిపించారు. జాకెట్ తిరగేసి తొడుక్కున్నారు. కుట్లు, లేబులు అన్నీ బయటికే ఉన్నాయి.

"ఎవరండీ ఆయన, అలా వేసుకున్నారు" అని ఆవిడ నవ్వింది.

"ఎవరో" అని తల తిప్పుకున్నాను.

సాయంత్రం ఏమీ ఎరగనట్టు జాకెట్ ఎలా ఉందని అడిగాను.

"వెచ్చగా ఉంది. గ్రీజు అంటకుండా తిరగేసి వేసుకుంటున్నా. పొద్దున ఆటోలో నీ పక్కనున్నావిడ ముందు నీకు నామోషీ అని పలకరించలేదులే" అన్నారు.

ఆ పూట నాకు అన్నం సహించలేదు.