మూగ కౌంటరు

ఆ పంపుల రిపేరు షెడ్డులో స్టోర్‌కీపరుకు ఒకే ఒక్క చాదస్తం. సామాను పేరు చెప్పి అడిగితే చచ్చినా ఇవ్వడు. దానితో ఏం చేస్తారో చేత్తో చేసి చూపించాలి.

సుత్తి కావాలంటే గాలిని బాదాలి. రంపం కావాలంటే గాలిని కొయ్యాలి. గ్రీజు ఎలా అడగాలో తెలియక ఒక వెల్డరు పూటంతా కౌంటరు దగ్గర నిలబడి, చివరికి తలకు నూనె రాసుకుంటున్నట్టు నటిస్తే లోపల్నుంచి దువ్వెన వచ్చిందని షెడ్డులో చెప్పుకుంటారు. వెల్డరుది బట్టతల.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మకు ఈ సంగతి తెలియదు. మొదటిరోజే కౌంటరు దగ్గరికెళ్ళి, "ఒక టేపు ఇస్తారా?" అని అడిగింది.

"అలాంటిదేం లేదమ్మా."

"అదేంటండీ, మీ వెనకాలే వేలాడుతోంది!"

"అది కొలిచేదమ్మా. కొలిచి చూపించండి, ఇస్తాను."

"నేనిక్కడ మేనేజర్నండీ."

"అయితే? మేనేజర్లకు చేతులుండవా?"

వెనక పదిమంది చూస్తుండగా ఆవిడ మొహం ఎర్రగా చేసుకుని జానెడు గాలి కొలిచింది. టేపు వచ్చింది. దానితో పాటు లోపలి అరలు కూడా కంటబడ్డాయి. ఏ అర మీదా సామాను పేరు లేదు. 'తిప్పేవి', 'కొట్టేవి', 'కోసేవి', 'పట్టుకునేవి' అని మాత్రం రాసి ఉంది. కట్లు కట్టే మందుల పెట్టె 'కోసేవి' అరలో ఉంది. అదేమిటని అడిగితే, "అవసరం పడేది అక్కడే కదమ్మా" అన్నాడు. ఆ మాట ఆవిడకు మరింత మంటెత్తించింది.

వారం తిరక్కుండా ఆర్డరు వేసింది. సోమవారం నుంచి సైగలు బంద్, సామాను పేరు చీటీ మీద రాసి తీసుకోవాలి.

స్టోర్‌కీపరు మూడుసార్లు ఆవిడ గదికి వచ్చాడు. మొదటిసారి తనకు చత్వారమన్నాడు. కళ్ళజోడు మార్చుకోమంది. రెండోసారి చీటీలకు చెదలు పడతాయన్నాడు. మందు కొట్టించమంది. మూడోసారి గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగి వెళ్ళిపోయాడు. పంతం నెగ్గినందుకు ఆవిడకు హాయిగా అనిపించింది.

సోమవారం ఆవిడే వెళ్ళి కౌంటరు పక్కన నిలబడింది. చీటీలు ఒక్కొక్కటే చకచకా లోపలికి వెళ్తున్నాయి. అంతలో పెద్ద ఫిట్టరు వంతు వచ్చింది. షెడ్డుకంతటికీ పనిమంతుడు, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. చేతిలో చీటీ ఉంది, చీటీ మీద కలం ఉంది, కలం మాత్రం కదలడం లేదు.

"ఏం కావాలండీ?" అంది మేనేజరమ్మ.

"అదేనమ్మా..." నుదురు తుడుచుకున్నాడు. "అదీ... అదే."

స్టోర్‌కీపరు చెయ్యి చాచి చీటీ లాక్కున్నాడు. "ఏం రాత బావా ఇది! కోడి కెలికినట్టుంది. నాకు అర్థమై చావదు గానీ చేత్తో చూపించు!"

ఆ ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. ముప్పై ఏళ్ళు ఒకే షెడ్డులో ఉండి కలుపుకున్న వరస అది. పెద్ద ఫిట్టరు కుడిచెయ్యి ఠక్కున లేచి, గాలిలో లావాటి పైపునొకదాన్ని పట్టి తిప్పింది. స్టోర్‌కీపరు పైపు రెంచి తీసిచ్చాడు. పొద్దుట్నుంచి ఇద్దరు కుర్ర మెకానిక్కులకు లొంగని పంపు ఆయన చేతిలో పది నిమిషాల్లో ఊడొచ్చింది.

మేనేజరమ్మ స్టోర్‌కీపరును గదికి పిలిచి తలుపు వేసింది.

"ఆ చీటీ నేనూ చూశాను. ఒక్క అక్షరం లేదు."

స్టోర్‌కీపరు కుర్చీలో కూలబడ్డాడు. "రెండేళ్ళ కిందట ఆయనకు తలలో చిన్న నరం దెబ్బతిందమ్మా. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. మాటా బాగానే ఉంది. సామాన్ల పేర్లే పోయాయి. రెంచి చూపించి ఇదేంటి బావా అంటే తెల్లమొహం వేస్తాడు. చేతిలో పెట్టండి, పని చేసుకుపోతాడు. బుర్ర కూడా స్టోరు లాంటిదేనమ్మా. పేర్లు ఒక అరలో ఉంటాయి, వాడకం ఇంకో అరలో. ఆయనకు పేర్ల అర ఒక్కటే తాళం పడిపోయింది."

"ఇది పైవాళ్ళకు తెలిస్తే?"

"పనికిరాడని ఇంటికి పంపేస్తారు. ఆయనొక్కడే సైగలు చేస్తే ఒక్కరోజులో కనిపెట్టేస్తారు కదా. అందుకని..."

"షెడ్డంతటి చేతా చేయిస్తున్నారా?"

"మీ చేత కూడా చేయించానుగా."

ఆవిడకు సిగ్గేసింది, వెంటనే నవ్వూ వచ్చింది. కాగితం తీసుకుని, 'చీటీలు రద్దు. సామాను యథాప్రకారం చేత్తో చూపించి తీసుకోవలెను' అని రాసింది. కారణం దగ్గర కాసేపు ఆలోచించి, 'షెడ్డులో శబ్దం తగ్గించు నిమిత్తం' అని పెట్టింది.

స్టోర్‌కీపరు చదివి పెదవి విరిచాడు. "ఇరవై మోటార్లు మొత్తుకునే చోట శబ్దమా? ఎవడు నమ్ముతాడమ్మా?"

"మరి ఏం రాయమంటారు?"

"స్టోర్‌కీపరుకు పిచ్చి ముదిరింది, ఎవరూ ఎదురు చెప్పొద్దు అని రాయండి. నిక్షేపంగా నమ్ముతారు."

ఆవిడ పాత కారణం కొట్టేసి, ఆయన చెప్పింది చెప్పినట్టే రాసి, కింద సంతకం పెట్టింది.