అగ్గిపుల్లకు చుట్టిన ఎమరీ పేపర్

2022 వేసవిలో మారేడ్‌పల్లిలోని నా డెంటల్ క్లినిక్‌కి యాదగిరి గారు వచ్చారు. బన్సీలాల్‌పేట్‌లో బండ్లకు పెయింటింగ్ చేసే షెడ్డు ఆయనది. ఎడమవైపు దవడ పళ్లు ఎప్పుడో పోయాయి. కుడివైపు కింద నమలడానికి ఆధారంగా ఉన్న పన్ను కూడా ఏడాది కిందట ఊడింది.

"అప్పటిసంది జొన్నరొట్టెను పప్పుల నానబెట్టుకొని తింటున్న మేడమ్. గదేం తిండి!" అన్నారు.

ఆయనకు ఇంప్లాంట్ పెట్టాలనుకున్నాం. అంటే దవడ ఎముకలో బిగించే చిన్న టైటానియం స్క్రూ. దాన్ని ఎముక గట్టిగా పట్టుకున్నాక పైన పన్ను కడతాం. నాకు వివరించి చెప్పడమంటే మహా సరదా. నమూనా స్క్రూ ఒకటి ఆయన చేతిలో పెట్టాను. ఆయన గోటితో గీరి చూశారు.

"గిదేంది మేడమ్, గరుకుగున్నది? పాలిష్ చెయ్యలేదా?"

ఇన్నేళ్లలో ఏ పేషెంటూ అడగని ప్రశ్న. నాకు ప్రాణం లేచొచ్చింది. "కావాలనే గరుకు చేస్తారండీ. సన్నటి పొడిని వేగంగా కొట్టి, తర్వాత యాసిడ్‌లో ముంచుతారు. ఆ గరుకు మీద ఎముక బాగా పెరిగి పట్టుకుంటుంది. నున్నగా ఉంటే అంత పట్టు రాదు."

"మేం సుత గంతే! ప్రైమర్ కొట్టే ముందు రేకును ఎమరీ పేపర్‌తోని రుద్దుతం. నున్నటి రేకు మీద పెయింట్ నిలువది."

ఇంత బాగా అర్థం చేసుకున్నారని మురిసిపోయి పాఠం అక్కడే ఆపేశాను.

ఇంప్లాంట్ పెట్టి, దానిపైన హీలింగ్ క్యాప్ బిగించాను. అది చిగురు పైకి కనిపించే నున్నటి లోహపు మూత. దాని చుట్టూ చిగురు మానుతుంది. కుట్లు విప్పిన రోజున అంతా బాగుంది.

మూడు వారాలకు ఆయన మళ్ళీ వచ్చారు. క్యాప్ చుట్టూ చిగురు ఎర్రగా వాచి, ముట్టుకుంటే రక్తం వస్తోంది. ఆ వాపు ఎముక దాకా దిగితే ఇంప్లాంట్ వదులైపోవచ్చు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"సరిగ్గా తోముకోవట్లేదు కదూ? గుట్కా ఏమైనా వేస్తున్నారా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "దినాం రెండుసార్లు తోముతున్న మేడమ్. గుట్కా నా జన్మల ముట్టలేదు. ఇది పోతే మళ్ల డ్రిల్లు పెట్టించుకునే ధైర్యం నాకు లేదు. జెర మంచిగ చూడుండ్రి."

ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. క్యాప్ విప్పి భూతద్దాల కింద పెట్టాను. దాని నిండా ఒకే వైపుకు సాగిన సన్నటి గీతలు. బ్రష్షుతో ఇలాంటివి పడవు.

"దీన్ని దేంతో రుద్దారు?"

"నాలుగొందల నంబర్ ఎమరీ పేపర్, మేడమ్. అగ్గిపుల్లకు చుట్టి మెల్లగనే రుద్దిన. ఎముకకు గరుకు కావాలంటిరి గద. ఇది చూస్తే అద్దం లెక్కున్నది. చిగురు సుత పట్టుకోవాలె గదా అని..."

నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఎముక లోపల దాగి ఉంటుంది, చిగురు అంచు మాత్రం ఎంగిలిలో, క్రిముల మధ్య ఉంటుంది, అక్కడ గరుకైతే పాచి గూడు కట్టుకుంటుంది అని నేను చెప్పనే లేదు. సగం చెప్పి, మిగతా సగం ఆయన తన పనిలోంచి పూరించుకుంటే, గుట్కా వేస్తున్నారా అని నిలదీశాను. ఆ మిగతా సగం అప్పుడు చెప్పి, క్షమించమని అడిగాను.

నిజానికి ఆయన ఆలోచన తెలివితక్కువదేమీ కాదు. క్రిములకు చోటివ్వకుండా చిగురుకు మాత్రం పట్టు దొరికేలా ఆ అంచును ఎలా చేయాలన్నది మా వాళ్లు కూడా ఇంకా వెతుకుతున్న సంగతే.

చుట్టూ శుభ్రం చేసి కొత్త క్యాప్ బిగించాను. రెండు వారాల్లో వాపు తగ్గింది. మూడు నెలలు నిండేసరికి ఎముక స్క్రూను గట్టిగా పట్టేసింది. పన్ను కట్టిన రోజున గదిలోంచి బయటికొస్తే, వెయిటింగ్ హాల్లో నమూనా స్క్రూ పట్టుకున్న ఒకావిడకు యాదగిరి గారు పాఠం చెబుతున్నారు.

"కింద గరుకు, పైన పాలిష్ అమ్మా. రెండూ కంపెనీవాళ్లే చేసిస్తరు. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు."

నేను చెప్పకుండా వదిలేసిన సగం అదే. అప్పట్నుంచి పేషెంటుకు ఏం చెప్పినా, తిరిగి నాకు చెప్పమంటాను. ఏం అర్థమైందో వాళ్ల నోట విన్నాకే పని మొదలుపెడతాను.

మర్నాడు పొద్దున ఫోన్. హలో అనలేదు. కరకరమని నమిలే చప్పుడు మాత్రం వినిపించింది.

"కడక్ రొట్టె మేడమ్," అన్నారు యాదగిరి గారు నిండు నోటితో. "పప్పు లేకుంట."