యశోదమ్మ తలతిప్పు

యశోదమ్మకు జీవితంలో ఉన్నది ఒకే ఒక గర్వం. దొర్నిపాడులో పుట్టి ఆళ్లగడ్డకు కోడలై వచ్చిన నాటి నుంచి ఆమె మంచం పట్టి ఎరగదు. జలుబు చేసినవాళ్లను చూస్తే ఆమెకు జాలి కంటే అనుమానం ఎక్కువ. పురుటి స్నానం ముగిసీ ముగియక ముందే నెత్తిన ఒక కడవ, చంకన ఒక కడవ పెట్టుకుని బావిగట్టు దిగిన మనిషి. వీధిలో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే, "పోయి యశోదమ్మ నీడన నిలబడు, తగ్గుతాది" అని ఎగతాళి చేసేవాళ్లు. అట్లాంటి మనిషి ఏడాది పాటు రోగిగా బతికింది. లోకంలో రోగాలు మనుషులను తినడం మామూలే. ఈమె రోగం పదిమందికి కూడు పెట్టింది.

దీనికంతటికీ మూలం ఆమె భర్త చెన్నకేశవులు. ఆయనకు మూలం ఆయన తాత. బయటి మనిషి ఒకరు పక్కన కూర్చోనిదే పగలు ముద్ద ఎత్తరాదనీ, అతిథి దొరకని రోజు రాత్రికి కూడా మజ్జిగతోనే సరిపెట్టుకోవాలనీ, చుట్టాలు ఈ లెక్కలోకి రారనీ ఆ తాత వంశానికి కట్టడి చేసి పోయాడు. అహోబిలంలో ఎవరో స్వాములవారు ఉపదేశించారని చెన్నకేశవులు చెప్పేవాడు. పెండ్లాం వడ్డిస్తూ చెప్పే మాటలను ఒక్కడే కూర్చుని వినలేక ముసలాయన పన్నిన ఉపాయమని యశోదమ్మ అనేది.

మంచి కాలంలో ఈ కట్టడి వల్ల చిక్కేమీ లేదు. కడప దారిన పోయే బస్సులన్నీ ఆళ్లగడ్డలో ఆగేవి. అహోబిలం యాత్రికులు దిగేవాళ్లు, విగ్రహాలు చెక్కించుకోవడానికి ఊళ్ల పెద్దలు దిగేవాళ్లు. చెన్నకేశవులు భుజాన తుండుగుడ్డ వేసుకుని బస్సుల కాడికి పోయి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. అతిథి తినేవాడు, ఆయన తినేవాడు, ఆ తర్వాత యశోదమ్మ తినేది. పుణ్యం ఆయనకు, అంట్లు ఆమెకు. సంసారం ధర్మబద్ధంగా సాగుతుండేది.

తర్వాత కాలం చెడింది. కర్నూలుకు రాజధాని వచ్చింది గానీ వాన రాలేదు. వచ్చిన కాడికి నాలుగు వేరుశనగ కాయలు పండితే వాటికి ధర లేదు. నంద్యాలలో నూనె మిల్లులు వారంలో సగం రోజులు తలుపు తీయడం మానేశాయి. యాత్రికులకు బస్సు ఛార్జీ బరువైంది. విగ్రహాలు అడిగే నాథుడు లేక, ఆళ్లగడ్డ శిల్పుల ముంగిట అమ్మవార్లు ముక్కులు లేకుండానే నిలబడిపోయారు. పక్కింటి మద్దిలేటి నంద్యాల మిల్లులకు కాయల మూటలు తోలి బతికే బండివాడు. మూటలూ లేక, మేతా లేక ఒక ఎద్దును అమ్ముకున్నాడు. మిగిలిన ఎద్దూ, ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పొద్దు పుచ్చేవాళ్లు.

ఆకలి కాలంలో అతిథులకు కొదవేమిటని బయటివాళ్లు అనుకోవచ్చు. ఆ లెక్క ఆళ్లగడ్డలో చెల్లదు. ఇక్కడ మనిషికి మనిషి ఎదురైతే మొదటి మాట "అన్నం తింటివా". జవాబు "ఇప్పుడే తింటి". మంచి కాలంలో ఈ జవాబు నిజమా అబద్ధమా అని ఎవరూ ఆరా తీయరు. చెడు కాలంలో అదే ఇంటి పరువు. ఎంత ఆకలైతే అంత గట్టిగా తిన్నామంటారు. శ్రద్ధ ఉన్నవాళ్లు దానికొక త్రేన్పు కూడా జోడిస్తారు. మద్దిలేటి మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు కుట్టుకునేవాడు. ఆ పళ్ల సందున ఇరుక్కునేదేదీ నిన్నటి నుంచి ఆ ఇంట్లో ఉడకలేదని వీధి మొత్తానికి తెలుసు.

"మద్దిలేటన్నా, రాప్పా, రెండు ముద్దలు తిందాం" అని చెన్నకేశవులు గోడ మీది నుంచి పిలిచేవాడు.

"ఇప్పుడే తింటి గదప్పా. కడుపు పగిలేట్టుండాది."

"ఏం తింటివి?"

"ఏందో చేసింది మా ఆడది. తినేటప్పుడు పేర్లడిగితే అరగదు."

ఆ విధంగా ఊరంతా కడుపు నిండా తిని కూర్చున్న రోజుల్లో, నేలలో తవ్విన పాతర నిండా జొన్నలున్న చెన్నకేశవులు ఒక్కడే పస్తున్నాడు. ఆయన తినకపోతే యశోదమ్మా తినదు. చివరికి ఆయన బస్సెక్కి నంద్యాల పోయి, మూసిన మిల్లు గోడ నీడన కూర్చున్న కూలీలను భోజనానికి పిలిచాడు. వాళ్లలో పెద్దవాడు ఇల్లెక్కడని మర్యాదగానే అడిగాడు. ఆళ్లగడ్డ అని విని కాసేపు ఆలోచించాడు.

"కూటి కోసం కోటి విద్యలన్నారు గానీ, బస్సెక్కి ఊరు దాటి పొమ్మని యాడా అనల్యా సామీ. మేం తినే వచ్చినాంలే."

ఉత్త చేతులతో తిరిగొచ్చిన భర్తకు యశోదమ్మ మజ్జిగ చెంబు అందించింది. "మీ తాత పెట్టిన కట్టడి బాగానే ఉందిలేయ్యా. ఆయన పెండ్లాం ఎన్నేండ్లు బతికిందో ఎవరన్నా చెప్పినారా నీకు?"

చెన్నకేశవులు వంశవృక్షాన్ని తలుచుకుంటూ చెంబు ఎత్తాడు.

మరునాడు పొద్దున బావి కాడ యశోదమ్మకు కళ్లు తిరిగాయి. తనకు జరుగుతున్నది ఏమిటో ఆమెకే తెలియలేదు, ఎన్నడూ అలవాటు లేని పని. చంకలోని కడవ పగిలింది, ఆమె పెంకుల నడుమ కూలబడింది. పక్కనే ఉన్న మద్దిలేటి భార్య అంకమ్మ లేపి ఇంటికి చేర్చింది. ఆ తర్వాత అంకమ్మ తన ఇంట్లో మొగుడితో అన్న మాటలు నడిమి గోడ దాటి యశోదమ్మకు స్పష్టంగా వినిపించాయి.

"ఆ యక్క పస్తుండి పడిపాయ. ఎందుకు పస్తుండె? నువ్వు పోయి తినకపోతే."

"నేను తిన్నానని చెప్తి గదమ్మే."

"చెప్తివిలే. ఇంగ లేసి పో. పోయి ఇంకోసారి తిను. ఒక ఆడమనిషి ఉసురు పోసుకుంటావా?"

ఆ మధ్యాహ్నం మద్దిలేటి వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకుని, పరామర్శకు వచ్చినవాడి మొహంతో వచ్చాడు. "నా కడుపులో చోటు లేదప్పా. వదిన కోసం వస్తి" అని ముందే చెప్పి విస్తరి ముందు కూర్చున్నాడు. చోటు లేని ఆ కడుపులోకి జొన్న సంగటి, పుంటికూర పోతుంటే, చూడటం పాపమని యశోదమ్మ గోడ వైపు తిరిగి వడ్డించింది.

చేయి కడుక్కుని అతను గడప కాడ ఆగాడు. "ఇప్పుడెట్లుంది వదినా?"

నాకేం, గుండ్రాయి మాదిరి ఉండా అనే మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అది ఆమె జీవితమంతా చెప్పిన జవాబు. కానీ మద్దిలేటి లేచి వచ్చిన విస్తరి మీద ఆమె చూపు పడింది. కడిగినట్టుగా ఉంది. ఆమె తలుపు చెక్కను పట్టుకుంది.

"యాడ తగ్గింది మద్దిలేటీ. తిప్పుతానే ఉండాది. రేపెట్లుంటాదో ఏమో."

"అట్లయితే రేపు కూడా రావల్ల" అని మద్దిలేటి బరువుగా నిట్టూర్చాడు. "ఏం చేస్తాం. మనిషికి మనిషి."

ఈ భారం ఒక్కడినే మోయలేనని అతను నాలుగు రోజులకే వీధిలో మాట వేశాడు. ముక్కుల్లేని అమ్మవార్ల శిల్పులు ముందుకొచ్చారు. వంతులు పెట్టుకోబోయి, రోగం పెద్దది గనక అందరూ ఒకేసారి పోవడం మేలని తేల్చారు. పిల్లలు పెద్దమ్మను చూడటానికి వచ్చారు. తినడానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందరూ ఆరోగ్యం విచారించడానికే వచ్చి, ఒక ఇల్లాలి ప్రాణం నిలబెట్టడానికి నిస్వార్థంగా భుజించి పోయేవాళ్లు. దేశంలో ఎందరో అన్నదానం చేశారు. అన్నం తినడాన్ని సేవగా స్వీకరించిన ఘనత మాత్రం ఆ వీధిదే.

తన వ్రతమహిమకే జనం కదిలి వస్తున్నారని చెన్నకేశవులు నమ్మాడు. భార్య రోగాన్ని అంతకంటే గట్టిగా నమ్మాడు. ఎక్కడెక్కడి నుంచో కషాయాలు తెచ్చేవాడు. అవి తాగిన మందారం చెట్టు ఆ కరువులోనూ ఏపుగా పెరిగింది.

యశోదమ్మకు మాత్రం ఇది తేలిక పని కాలేదు. ఇంతమందికీ సంగటి కెలికేది ఆమే, వాళ్లొచ్చే వేళకు నీరసంగా గోడకు జారగిలబడవలసిందీ ఆమే. బావి కాడికి ఆమె ఉత్త చేతులతో పోయేది, కడవలు అంకమ్మ మోసేది. "ఎట్లాంటి మనిషి ఎట్లయిపాయ" అని బావి కాడి ఆడవాళ్లు ఆమె వినేట్టే జాలిపడేవాళ్లు. నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె మెట్లు దిగడానికి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ రోజు యశోదమ్మకు నిజంగానే ఒళ్లు మండింది.

అన్న కొడుకు పెళ్లికి కూడా ఆమె దొర్నిపాడు పోలేదు. పెళ్లిలో తిరిగొచ్చిన మనిషిని రోగి అని ఎవరు నమ్ముతారు. పైగా ఆమె లేకపోతే ఇక్కడ పొయ్యి వెలగదు.

చెల్లెలు పెళ్లికి రాలేదంటే ప్రాణం మీదికి వచ్చి ఉంటుందని అన్న పుల్లయ్య పరుగున వచ్చాడు. పుల్లయ్య మంచివాడు. గుసగుసలాడితే పక్క వీధికి వినిపించేంత మంచివాడు. ఎంత మొత్తుకున్నా వినక చెల్లెల్ని నంద్యాల తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. డాక్టరు నాడి చూశాడు, కళ్లు చూశాడు, గుండెకు గొట్టం పెట్టి విన్నాడు.

"ఈమెకు ఏ జబ్బూ లేదు. ఇలాంటి మనిషిని చూసి చాలా కాలమైంది" అన్నాడు.

తిరుగు బస్సులో పుల్లయ్య ఆనందం పట్టలేక ముందు సీటువాడికి కూడా చెప్పబోతుంటే యశోదమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"అన్నా, ఈ మాట మా వీధిలో అనొద్దు."

"ఏం మ్మే? మంచి మాటే గదా."

"నాకు బాగుందంటే రేపట్నించి ఎవరూ తినను రారు. పిల్లోళ్లుండారు అన్నా ఆ ఇండ్లల్లో."

"ఆకలైతే రారా?"

"ఆకలైతే ఎట్లొస్తారు? నాకు బాగలేకుంటే వస్తారు."

పుల్లయ్య కాసేపు కిటికీలోంచి ఎండిన చేలను చూశాడు. ఆయన గొంతు మొట్టమొదటిసారి తగ్గింది. "నాకు అబద్ధం చేతగాదు గదమ్మా."

"చెప్పొద్దులే. నోరు మూసుకో, సాలు."

"అది అసలే చేతగాదు."

ఆళ్లగడ్డలో బస్సు ఆగేసరికి వీధంతా అక్కడే నిలబడి ఉంది. మద్దిలేటి, అంకమ్మ, శిల్పులు, పిల్లలు. అందరికంటే ముందు చెన్నకేశవులు. "ఏమన్నాడు బావా డాక్టరు?" అన్నాడు.

పుల్లయ్య పెదవులు బిగించాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. గాలి పీల్చుకోవడానికి నోరు తెరిచాడు, దాంతోపాటే మాట బయటపడింది. "ఏ రోగమూ లేదంట."

అంకమ్మ చంకలోని బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. ఒక శిల్పి బస్సు చక్రాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. అప్పుడే వెనక్కి తిరిగి నడవబోతున్న ఒకరిద్దరిని యశోదమ్మ చూసింది. పిలవాలంటే ఏమని పిలవాలో ఆమెకు తోచలేదు.

"యా డాక్టరు?" అన్నాడు మద్దిలేటి చివరికి.

"నంద్యాలలో పెద్ద డాక్టరప్పా."

"నంద్యాలలో మిల్లులే సరిగ్గా నడవల్యా, డాక్టర్లు యాడ నడుస్తారన్నా. మా వదిన బాయి కాడ పడింది ఆయప్ప చూసినాడా? ఆయప్ప గడియసేపు చెయ్యి పట్టుకున్న్యాడు. మేం దినామూ చూస్తాండాం. మాకు తెలీదా?"

"ఉన్న రోగం లేదంటే పోతాదా" అంది అంకమ్మ. వచ్చి యశోదమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరికీ వినపడకుండా చెవిలో, "వాన పడేదాకా తగ్గనీయొద్దక్కా" అంది.

యశోదమ్మ ఆమె మొహంలోకి చూసింది, తర్వాత మిగతా మొహాల్లోకి చూసింది. తెలియనివాళ్లు ఎవరూ లేరు. ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు, అంటే చెన్నకేశవులు, బస్సు మెట్టు మీద కూలబడ్డాడు.

"నంద్యాల డాక్టరుకే అందలేదంటే ఎంత పెద్ద రోగమో" అన్నాడు. "ఇంగ కర్నూలుకు తీసకపోదునా?"

"యాడికీ వద్దప్పా" అని మద్దిలేటి ఆయన్ను లేవదీశాడు. "ఇంట్లోనే ఉండనీ. మేమంతా లేమా, చూసుకుంటాం."

అందరూ కలిసి రోగిని నెమ్మదిగా నడిపించుకుంటూ ఇంటికి తీసుకుపోయారు. ఆమె వండింది, వాళ్లు చూసుకున్నారు. ఆ పూట లోపల చోటు చాలక పుల్లయ్యకు అరుగు మీద వడ్డించారు.