రెండో నీళ్లు

మా మున్సిపల్ ఆఫీసులో ఒకాయన్ని అందరూ ‘రెండో నీళ్లు’ అంటారు. ఎదురుగా కాదు లెండి. కొత్తగా కట్టబోయే భవనాల ప్లాన్లలో వాననీరు భూమిలోకి ఇంకే ఏర్పాటు సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం పెట్టడం ఆయన పని. పక్క బల్ల నాది. ఆరేళ్లుగా ఆయన చాదస్తాన్ని భరిస్తున్నదాన్ని కనుక చెప్పే హక్కు నాకుంది.

ఇంకుడు గుంత తవ్వేముందు చిన్న గొయ్యి తీసి, నీళ్లు పోసి, గంటలో ఎన్ని అంగుళాలు దిగాయో కొలుస్తారు. ఎండిన నేల మొదటిసారి పోసిన నీళ్లను గటగటా తాగేస్తుంది. ఆ అంకె నమ్మేస్తే బిల్డరుకి హాయి, మనకీ కడుపులో చల్ల కదలదు. ఈయన ఒప్పుకోరు. “మొదటి నీళ్లు నేల దాహానికమ్మా. రెండో నీళ్లే లెక్కకి,” అంటారు. ముందురోజు గొయ్యి నానబెట్టించి, మర్నాడు తనే వెళ్లి మళ్లీ పోయించి, నీటి మట్టానికి మేకు గుచ్చి పక్కనే కూర్చుంటారు. బిల్డర్లు పళ్లు నూరుతారు. నేనూ విసుక్కున్నాను, అబద్ధమెందుకు.

ఇంకో అలవాటు కూడా ఉంది. సంతకం మధ్యలో ఆగి, “ఎవరైనా తలుపు కొడుతున్నారా అమ్మా?” అని అడుగుతారు. మా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చెవుల డాక్టరుకి చూపించుకోండి అని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ వేసవిలో ఒక ఐదంతస్తుల భవనం ప్లాను వచ్చింది. గంటకి నాలుగంగుళాల నీళ్లు ఇంకాయని రిపోర్టు. వీధి పేరు చూడగానే ఆయన కలం కింద పెట్టేశారు. గొయ్యి నానబెట్టమని బిల్డరుకి కబురు పెట్టి, “రేపు నువ్వూ రా అమ్మా,” అన్నారు. మర్నాడు దారిలో బస్సులో సంగతి చెప్పారు.

తొమ్మిదేళ్ల కిందట ఆ వీధిలోనే ఒక ప్లానుకి మొదటి నీళ్ల కొలత నమ్మి సంతకం పెట్టారట. వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టింది. అడుగున బంకమన్ను. గుంత నిండి, నీళ్లు పల్లంలో ఉన్న ఇంటి సెల్లార్‌లోకి గోడ తోసుకుని దిగాయి. అక్కడ దర్జీ దంపతుల కాపురం. కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి భర్త వెళ్లాడు. జ్వరంతో పడుకున్న భార్య బయటికి రాలేకపోయింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని పై అధికారి ఫైలు మూసేశాడు.

మర్నాడు ఈయన ఆ మెట్ల దాకా వెళ్లారు. నల్లటి నీళ్లలో స్టీలు గిన్నె ఒకటి తేలుతూ మెట్టుకి తగులుతోంది. టక్, టక్. దర్జీ పై మెట్టు మీద, వీపు ఇటు పెట్టి, ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నాడు. పలకరించే ధైర్యం లేక ఈయన వచ్చేశారు. అప్పట్నుంచీ కలం తీస్తే చాలు, ఆ చప్పుడే.

స్థలం సరిగ్గా ఆ ఇంటికి ఎగువనే ఉంది. నానబెట్టిన గొయ్యిలో నీళ్లు పోయించి, మేకు గుచ్చారు. మెడలో కొలతల టేపుతో ఒక బక్కపలచని మనిషి వచ్చి మా పక్కన నిలబడ్డాడు. ఎవరో చెప్పక్కర్లేకపోయింది. గంట గడిచింది. నీళ్లు మేకు దగ్గర్నుంచి అరంగుళం కూడా దిగలేదు.

“ఇది పాస్ కాదు,” అన్నారు నాతో. తర్వాత దర్జీ వైపు తిరిగారు. “ఆ పాత ప్లాను మీద సంతకం నాదండీ. అప్పుడు రెండోసారి పోసి చూడలేదు.”

దర్జీ గొయ్యిలోంచి చూపు తిప్పలేదు. “తెలుసండీ. ఆ కాగితం నకలు నా మిషను సొరుగులోనే ఉంది.”

“మరి ఎప్పుడూ వచ్చి అడగలేదే?”

“ఆ రోజు మెట్ల దాకా వచ్చారు కదా. నీళ్లలో మీ నీడ చూశాను. మళ్లీ వస్తారనుకున్నా.” టేపు తీసి వేళ్లకి చుట్టుకుంటూ అన్నాడు. “తొమ్మిదేళ్లు తలుపు తీసే ఉంచానండీ.”

మర్నాడు ప్లాను తిప్పి పంపుతూ ఆయన సంతకం మధ్యలో ఆగిపోయారు. తలుపు వైపు చూశారు. ఈసారి నన్నేమీ అడగలేదు. సంతకం పూర్తి చేసి, లేచి చెప్పులేసుకుని, ఆ వీధికి బయల్దేరారు.