మేస్త్రి వదులు చేసిన నట్లు

నా చిన్నప్పుడు ఒక ఏడాదంతా బడి మూతపడింది, నా నోరు మాత్రం తెరుచుకునే ఉంది. ఈ కథంతా ఆ నోటి వల్ల వచ్చిందే. అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కావాలని ఊళ్లన్నీ రోడ్ల మీదికొచ్చిన రోజుల్లో నాకు పదేళ్లు. మాది జనగామకూ రఘునాథపల్లికీ నడుమ, రైలు పట్టాల పక్కనున్న ఊరు. బళ్లకు తాళాలు పడ్డాయి. నాకు మిగిలిన కొలువు ఒక్కటే, మధ్యాహ్నం మా నాయినకు సద్ది మోసుకుపోవడం.

పట్టాల అవతల ఒక చిన్న ఆసిడ్ ఫ్యాక్టరీ ఉండేది. నాయిన అందులో హెల్పరు. ఆసిడ్ ఇనుమును తినేస్తుంది కాబట్టి అక్కడి గొట్టాలన్నీ గాజువే. మా ఇంట్లో గాజులంటే అమ్మ చేతివి, వారానికి రెండు చిట్లేవి. ఇక్కడ మా నాయిన తొడంత లావు గాజు గొట్టాలు గోడ వెంట పోయి, మలుపు తిరిగి, మళ్లీ పైకెక్కేవి. లోపల పారేది కంటికి కనబడేది. లోపలున్నది అట్లా బయటికి కనబడడం నాకు భలే వింతగా ఉండేది. మనుషుల్లో ఆ సౌకర్యం లేదని తెలియడానికి మరి కొన్నాళ్లు పట్టింది.

ఆ గొట్టాలు బిగించడం తెలిసినవాడు ఫ్యాక్టరీ మొత్తానికి ఒక్కడే. కోస్తా నుంచి వచ్చినవాడు, మేమంతా ఆంధ్రా మేస్త్రి అనేవాళ్లం. పనిలో దిట్ట, మాటలో దురుసు. మా నాయిన ఏదన్నా అడిగితే, "గిట్లా గట్లా అంటే పానా ఏ పక్కకి తిప్పమంటావయ్యా?" అని అందరి ముందూ నవ్వించేవాడు. నాయినా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం కంచం ముందు చాలాసేపు ఊరికే కూర్చునేవాడు. మూడేళ్లు పక్కనుండి పానా అందించినా, ఎందుకు ఎంత తిప్పాలో ఆయనకు మేస్త్రి ఎన్నడూ చెప్పలేదు.

కాగిన ఆసిడ్ వచ్చే పొడుగాటి గొట్టం ఒకటి మలుపు దగ్గర రెండుసార్లు చిట్లింది. దానికి మందుగా పట్నం నుంచి ఒక తెల్లటి మడతల గొట్టం తెప్పించారు. నొక్కితే ముడుచుకునేది, వదిలితే సాగేది, అచ్చం కమ్మరి కొలిమి తిత్తిలాగే. అందుకని అందరూ దాన్ని తిత్తి అన్నారు. తిత్తి తీస్తానని మా అమ్మ రోజూ బెదిరించేది గానీ తిత్తి బిగించడం నేను చూసింది అప్పుడే. మేస్త్రి దాన్ని రెండు గాజు గొట్టాల నడుమ నిలిపి, చుట్టూ ఉన్న నట్లను ముందు వేళ్లతో, తర్వాత పానాతో, ఒకటి విడిచి ఒకటి, పసిపిల్లకు గౌను గుండీలు పెట్టినంత మెల్లగా బిగించాడు. తిత్తికి మూడు పక్కలా, దాని రెండు చివరలనూ కలుపుతూ మూడు పొడుగాటి ఇనుప రాడ్లున్నాయి. అంతా అయ్యాక, నాయిన సద్ది తినడానికి బయటికి వెళ్లిన సమయంలో, ఆయన ఆ రాడ్ల మీది నట్లను ఒక్కొక్కటే వెనక్కి తిప్పి వదులు చేశాడు.

నేను డ్రమ్ము వెనక నుంచి చూశాను.

అది కోస్తా నుంచి వచ్చినవాళ్లను గో బ్యాక్ అనే కాలం. నెలాఖరుకు మేస్త్రి కూడా వెళ్లిపోతాడనీ, ఆ కొలువు నాయినకే వస్తుందనీ ఇంట్లో అనుకుంటున్నారు. నేను ఖాళీ గిన్నెతో నేరుగా చాయ్ హోటలుకు పోయి, దోస్తులతో కూర్చున్న మా చిన్నాయినకు చెప్పాను. చూసింది చూసినట్టు చెప్పి ఊరుకుంటే అది నేనెట్లా అవుతాను? "ఎవలన్న జూస్తున్నరేమోనని అటూ ఇటూ దొంగ సూపులు సూసిండు" అని కూడా కలిపాను.

"గదీ! పొయ్యేటోడు ఊకె పోతడా? మనల ముంచి పోతడు" అన్నాడు చిన్నాయిన, చాయ్ గ్లాసు కింద పెట్టేసి.

సాయంత్రానికి పదిహేను మంది మేస్త్రిని చుట్టుకున్నారు. నట్లెందుకు వదులు చేశావని నిలదీశారు. "అవి వదులుగానే ఉండాలయ్యా. బిగిస్తే గాజు పగుల్తుంది" అన్నాడాయన. "బిగిస్తే పగుల్తదట! ఎన్నడన్న ఇన్నార్రా?" అని ఒకడు, "ఉండాలయ్యా!" అని ఆయన గొంతుతోనే ఇంకొకడు. అందరూ పగలబడి నవ్వారు. మా మాటకు ఆయన నవ్వించినన్నాళ్ల బాకీ ఆ ఒక్క పూటలో తీరింది. నేనూ నవ్వాను.

చివరికి నాయినను అడిగారు, నువ్వు ఆయన పక్కన పనిజేసేటోనివి, నువ్వు జెప్పు అని. నాయిన మేస్త్రి ముఖంలోకి చూశాడు. "నాకెరుకలే. నాకెన్నడు జెప్పలే" అన్నాడు. అబద్ధం కాదు. పానా చేతిలో పెడితే మూడు రాడ్ల నట్లూ గట్టిగా బిగించాడు. మేస్త్రిని పొద్దున ప్యాసింజర్ బండికి వెళ్లిపొమ్మన్నారు.

మర్నాడు ఉదయం కొత్త గొట్టంలోకి ఆసిడ్ వదులుతారని తెలిసి నేను గేటు దగ్గర కూర్చున్నాను. కనిపెట్టింది నేను కదా, చూసే హక్కు నాదే అనుకున్నాను. అప్పుడు పట్టాల వెంట, స్టేషన్ వైపు నుంచి మేస్త్రి వచ్చాడు. చేతిలో ట్రంకు పెట్టె లేదు. ఆయాసపడుతున్నాడు.

"పాపా, మీ నాన్న ఎక్కడ నిలబడ్డాడు?"

"తిత్తి కాడ."

"పరిగెత్తమ్మా. అమ్మకు ఒంట్లో బాగోలేదని చెప్పి బయటికి తీసుకురా. నేను పిలిస్తే రాడు."

నేను కదలలేదు. "పిలువ. మల్ల ఒదులు జేస్తందుకు అచ్చినవ్ నువ్వు. నేను జూసిన నిన్న" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. వార్త ఎవరు మోశారో ఆయనకు తెలిసింది ఆ క్షణంలోనే. కోపం వస్తుందని వెనక్కి జరిగాను. కోప్పడలేదు. "పోనీ, కడుపునొప్పని ఏడువు, గట్టిగా ఏడువు" అని బతిమాలాడు. నేను పెదవులు బిగించుకున్నాను. నా జన్మలో మొదటిసారి నోరు మూసుకుని ఉన్నది అప్పుడే. ఎంతసేపంటే, ఒక చెంబు నీళ్లు తాగేంత. ఆయన ఇక ఆగలేదు. లోపలి తలుపు దగ్గరున్న కావలివాణ్ణి తోసుకుని పరిగెత్తాడు.

అది పెద్ద చప్పుడేం కాదు. చెరుకు గడ విరిచినట్టు ఒక్క టక్. వెంటనే వడగళ్లు రాలినట్టు గాజు. ఆ తర్వాత ఒక అరుపు. "అమ్మా" అన్న అరుపు. ఆ అరుపుకు యాస లేదు.

మేస్త్రి నాయినను చొక్కా పట్టి వెనక్కి లాగి పడేశాడు. నాయినకు మోచెయ్యి మాత్రమే గీరుకుంది. కాగిన ఆసిడ్ మేస్త్రి మెడ మీదా ఎడమ చేతి మీదా పడింది. నాయినా, అరుపు విని ఉరికొచ్చిన చిన్నాయినా తొట్టిలోంచి కుండలకు కుండలు నీళ్లు గుమ్మరించి, జనగామ దవాఖానకు తీసుకుపోవడానికి ఆయన్ను లారీలో పడుకోబెట్టారు. నిన్న నవ్వినవాళ్లంతా లారీ చుట్టూ నిలబడ్డారు.

ఆయన ఒక్కో ముక్కే కూడదీసుకుని మా నాయినతో చెప్పాడు. "వేడెక్కితే గాజు పెరుగుతుందయ్యా, బియ్యపు గింజంత. తిత్తి ముడుచుకుని చోటిస్తుంది. రాడ్లు బిగిస్తే అదెలా ముడుచుకుంటుంది? ఇది నీకు ముందే చెప్పాల్సింది. చెబితే ఇక నాతో పనేముంటుందనుకున్నాను." నాయిన ఆయన కాళ్ల దగ్గర కూర్చుని తల పట్టుకున్నాడు.

"నీకెట్ల ఎరుకైంది మేస్త్రీ, నేను తిత్తి కాడ నిలవడ్డనని?" అని అడిగాడు నాయిన.

నేను లారీ చక్రం పక్కన ఉన్నాను. మేస్త్రి చూపు నా మీద పడింది. నా సంగతి అయిపోయింది అనుకున్నాను. "మీ పాపే" అన్నాడు. "నేను స్టేషన్లో బండి కోసం కూర్చున్నా. అంతదూరం పరిగెత్తుకొచ్చి చెప్పింది. ఆ పిల్ల రాకపోతే నేను బండెక్కేసేవాణ్ణి."

పదిహేను మందీ నా వైపు తిరిగారు. నాయిన వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. నేను ఆయన మెడ కరుచుకున్నాను.

రెండు నెలలకు సామాను తీసుకుపోవడానికి మేస్త్రి భార్య వచ్చింది. ఎడమ చెయ్యి ఇక లేవదన్నారని చెప్పింది. గాజు గొట్టం ఎత్తి నిలపాలంటే రెండు చేతులు కావాలి. మా గడపలో నిలబడి, "పరిగెత్తుకొచ్చిన పాప ఈ అమ్మాయేనా? ఆయన మరీ మరీ చెప్పారు" అని నా తల నిమిరింది. ఆ చెయ్యి బరువు ఈ డెబ్బై ఏళ్లకు చేరువైన తల మీద ఇంకా ఉంది.

నాయిన మేస్త్రి అయ్యాడు. తన కింద పనికొచ్చిన ప్రతివాడికీ మొదటిరోజే తిత్తి గురించి చెప్పేవాడు, ఏదీ దాచకుండా. రాడ్ల నట్లు ఎందుకు వదులుగా ఉంచాలో చెప్పి, చివర్న నా గురించి చెప్పేవాడు. నాయినను బతికించిన బిడ్డనని నా పెళ్లిలో చెప్పారు, నా పిల్లలకు చెప్పారు. మంచి కథ. అందులో నేను తప్ప అందరూ నిజమైనవాళ్లే. సలసల కాగే చాయ్ పోసినప్పుడు గ్లాసు చిట్లితే చాలు, ఇప్పటికీ నా చేతులు ఆగిపోతాయి. తర్వాత అరుపు వస్తుందని ఎదురుచూస్తాను.

చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నాను. రాష్ట్రం వచ్చిన ఏడాది నాయిన వరంగల్ దవాఖానలో చివరి రోజుల్లో ఉన్నాడు. ఆ రోజు చెప్పేయాలని మంచం పక్కకు కుర్చీ జరుపుకున్నాను. అంతలో సెలైన్ మార్చడానికి నర్సమ్మ వచ్చింది. నాయిన ఆమె కొంగు పట్టి ఆపి, "గీ బిడ్డనే. టేషన్ దాక ఉరికి నా పాణం తెచ్చిన బిడ్డ" అన్నాడు.

"నిజమేనా అవ్వా?" అంది ఆమె నవ్వుతూ.

నాయిన నా వైపే చూస్తున్నాడు. నేను తల ఊపాను.

మేస్త్రి నన్ను తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఎవరైనా ఎవరి మీదనైనా ఏదైనా మోసుకొచ్చి నా చెవిన వేస్తే, చూసిందెంత, కలిపిందెంత అని అడగకుండా ఉండలేను. నన్ను మెచ్చుకుంటే మాత్రం ఏమీ అడగను. ఆ మెప్పు తీసుకుని, ఎడమ చెయ్యి లేవని ఒక మనిషి ఎక్కడైనా ఉన్నాడేమో, ఉంటే దాన్ని ఆయనకు ఎట్లా తిరిగివ్వాలో అనుకుంటూ ఉండిపోతాను.