మొదటి సోమవారం ఫోన్లు

నెలలో మొదటి సోమవారం వచ్చిందంటే నేను ఇప్పటికీ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంటాను. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో మెదడు కణితుల మీద పరిశోధన చేస్తాను. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కను గాజు డిష్‌లో పోషక ద్రవం పోసి పెంచి దాని మీద మందులు పరీక్షించడం మా పని. ఆ మందుల్లో ఒకదాన్ని ప్రయోగంగా వాడిన రోగులు ఎలా ఉన్నారో నెలకోసారి ఫోన్ చేసి రాసుకోవడం కూడా మా పనే. మాది మదనపల్లె కాబట్టి పుంగనూరు, కుప్పం వైపు వాళ్లంతా నా వాటాకు వచ్చారు. తెలుగు వచ్చినందుకు దక్కిన శిక్ష అని సాటివాళ్లు ఆటపట్టించేవారు.

మేం చూసే కణితి మొండిది. తీసేసినా మళ్లీ వస్తుంది. అందుకే "ఎలా ఉన్నారు" అని అడిగేలోపు "ఉన్నారా" అన్న ప్రశ్న నాలుక చివర నిలబడేది. కుప్పంలో ఒకాయన తమ్ముడు నేను హలో అనగానే, అన్న లేడు, ఇంక ఫోన్ చేయొద్దని చెప్పి పెట్టేశాడు. ఒక్కొక్కరే అలా తగ్గిపోయారు. చివరికి మిగిలింది చౌడేపల్లె దగ్గర పాడి ఆవులు పెట్టుకున్న ఒక్కాయన.

ఫోన్ ఆయన భార్య ఎత్తేది. ఆస్పత్రిలో చూసినప్పుడు ఆయనకు కుడి చెయ్యి లేవడం లేదు, మాట సగం పోయింది. ఆమె మాత్రం ప్రతి నెలా బాగున్నాడనే చెప్పేది. తింటున్నాడు, ఫిట్స్ రాలేదు. ఒకసారి ఫోన్ ఇవ్వమంటే డెయిరీకి పాలు పోయడానికి వెళ్లాడనేది, లేకపోతే చర్చికి. స్కాన్‌కు రమ్మంటే, ఆయనకు బస్సు పడదు, వచ్చే నెల చూస్తామనేది. చెయ్యి లేవని మనిషి పాలక్యాను ఎలా మోస్తాడని ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకు రాలేదు. రానివ్వలేదు అంటే నిజం చెప్పినట్టు. ఇన్నేళ్ల చాకిరీలో ఒక్క మనిషైనా మిగలాలి నాకు. మందు పనిచేస్తోందని ల్యాబ్ నడిపే మా సార్‌కు చెప్పేశాను. మనిషిని కళ్లతో చూడకుండా కాగితం మీద పెట్టొద్దు, వెళ్లి చూసి రమ్మన్నారాయన. నా మాట మీద నమ్మకం లేదా అని రోజంతా ముఖం ముడుచుకుని తిరిగాను.

మదనపల్లెలో మా ఇంట్లో దిగి, మర్నాడు పుంగనూరు మీదుగా చౌడేపల్లె బస్సెక్కాను. ఆయన కోసం బత్తాయిలు కొన్నాను.

ఆమె కొట్టం ముందు ఆవుకు గడ్డి వేస్తోంది. నన్ను చూసి గడ్డి చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత గడ్డి కింద పడేసి చెప్పులేసుకుని నడిచింది. వెనకే వెళ్లాను. ఊరవతల క్రైస్తవుల సమాధుల మధ్య ఒక సిమెంటు సమాధి ముందు ఆగింది. రాయి మీద ఆయన పేరు ఉంది. జననం పక్కన తేదీ ఉంది. మరణం పక్కన ఏమీ లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రెండో నెలలోనే పోయాడట. ఆ తేదీ చెక్కించమని, జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామని పాస్టరుగారు అడుగుతూనే ఉన్నారట. ఈమే ఒప్పుకోలేదట.

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. నా మందు పోయిందన్న కోపం. ఆ సమాధి ముందు అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఎందుకు అబద్ధం చెప్పావని గట్టిగానే అడిగాను.

"సంతకం పెట్టించుకునేటప్పుడు నువ్వే కదమ్మా సెప్పింది. ఆ ముక్క మీకాడ బతికే ఉంటాది, దానికి తిండి పెడతామని. ఆయప్ప లేడంటే దాన్ని పారేస్తారని బయపడితిని. రవ్వంతైనా ఉండాడు కదా ఆడ. పోయినాడని యాల రాయించేది?"

చెప్పింది నేనే. కణితి ముక్క తీసుకోవడానికి రాయించుకునే అంగీకార పత్రంలోని మాటలు వాళ్లకు అర్థం కావని, ఆవులు పెంచేవాళ్లకు తెలిసేలా చెప్పానని ఆ రోజు మురిసిపోయాను కూడా. ముక్క బతక్కపోవచ్చన్న మాట మాత్రం చెప్పలేదు.

"ఆడ బాగుండాదా అమ్మా?" అని అడిగింది.

ఆ కణాలు రెండో వారం దాటలేదు. డిష్ అడుగు వదిలేసి పైకి తేలిపోయాయి. వాటి మీద బ్లీచ్ పోసి పారబోసింది నేనే. ఆమె ఫోన్లో నాకు అబద్ధం చెప్పిన అన్ని నెలల్లోనూ నా దగ్గర ఆయనది ఏమీ లేదు.

"బాగుండాదక్కా" అన్నాను.

ఆమె కొంగుతో రాయి మీద దుమ్ము తుడిచింది. బత్తాయిలు ఆమె చేతిలో పెట్టి రోడ్డెక్కాను. ఆయన పోయిన తేదీ పాస్టరుగారిని అడిగి రాసుకున్నాను. మందు పనిచేయలేదని రాసి ఫైలు మూసేశాం.

ఇప్పుడు నెలలో మొదటి సోమవారం ఆమే ఫోన్ చేస్తుంది. తింటాండాదా అని అడుగుతుంది. తింటోందని చెబుతాను. అయితే రాయి మీద ఇంకా ఏమీ రాయించనులే అని చెప్పి పెట్టేస్తుంది.