రాహుకాలంలో రెండు స్పీకర్లు

ఆ రోజుల్లో నాకు హేతువాదం కొత్తగా తలకెక్కింది. (ఇప్పటికీ దిగలేదు, కాకపోతే పక్కన ఇంకొకరి మాటకు కూడా కాస్త చోటిచ్చి కూర్చుంది.) నాలుగు చర్చాసభల్లో నలుగురు పండితుల నోరు మూయించానన్న పొగరుతో, కావలిలో చదువు ముగించి అల్లూరు వచ్చాను. ఎదురింట్లో మా బాబాయి. పంచాంగం చూడనిదే గడ్డం గీయించుకోడు. బడి చదువు పూర్తయిన ఆయన కూతురు, అంటే మా చెల్లెలు, కాలేజీలో చేరతానంటుంది, ఆయన వద్దంటాడు. ఆమె తరఫున నేను వారం రోజులు వాదించాను. చివరికి ఆయన విసిగిపోయి, "ఏందబ్బయా, శాస్త్రం శాస్త్రమని అరస్తా ఉండావు! రేడియోకి రెండు స్పీకర్లు తెచ్చినావంట గదా. ఆదివారం రాహుకాలంలో తగిలించు. బాగా మోగిందా, బిడ్డను కావలికి పంపిస్తా. మోగలేదా, ఇంక ఆ ఊసెత్తగూడదు" అన్నాడు.

మద్రాసు పాతసామాన్ల బజారులో కొన్న స్పీకర్లవి. పెట్టెలు చేయించే స్తోమత లేనివాళ్లంతా చేసినట్టే, గంభీరమైన శబ్దం కోసం వాటిని రెండు కొత్త కుండల మూతుల్లో బిగించాను. "అన్నా, తీగ తగిలించే చోట ఎర్రచుక్క ఉండాదే, ఎందుకది?" అని చెల్లెలు అడిగింది. "ఎవడో పూజ చేసి బొట్టు పెట్టినాడు. మూఢత్వాన్ని మొదట్లోనే తుడిచెయ్యాల" అని, రెండు చుక్కలూ కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాను. (రెండింటికీ ఆ చుక్క వైపు ఒకే తీగ రావాలనీ, లేకపోతే ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాగేస్తుందనీ తర్వాత తెలిసింది.)

ఆదివారం సాయంత్రం వీధి వీధంతా వచ్చింది. రేడియో పెట్టాను. పాటగాడు పక్క ఊరి బావిలోంచి పాడుతున్నట్టుంది. మృదంగం ఉందో లేదో తెలియదు. "నీ శాస్త్రానికి జలుబు చేసిందే అబ్బయా!" అన్నాడు బాబాయి. నేను ఉప్పుగాలి గురించీ, కరెంటు బలహీనత గురించీ గంటకు పైగా ఉపన్యసించాను. చెల్లెలు మాత్రం ఒక కుండ దగ్గరా, మరో కుండ దగ్గరా చెవి పెట్టి, రెంటి నడుమా నిలబడి చూసింది. "వేరే వేరేగా బాగానే ఉండాయి. నడిమధ్యనే సన్నగిల్లిపోతా ఉండాది. ఇవి రెండూ పోట్లాడుకుంటా ఉండాయన్నా!" అని, రేడియో ఆపి, ఒక కుండ తీగలు రెండూ తారుమారు చేసింది. మళ్లీ పెట్టేసరికి మృదంగం దెబ్బకు అటక మీది గిన్నెలు అదిరాయి.

బాబాయి గడియారం చూశాడు. "ఆరు దాటింది. రాహుకాలం పోయింది, అందుకే మోగింది!"

నా రక్తం ఉడికిపోయింది. మహాజనులారా అనబోయాను. "అన్నా, నువ్వు కాసేపు ఊరకుండు" అంది చెల్లెలు. తీగలు పాత పద్ధతిలో పెట్టింది; పాట నీరసించింది. మార్చింది, గిన్నెలు అదిరాయి. అట్లా మూడుసార్లు చేసి, "నాయనా, ఇప్పటికి రాహుకాలం ఎన్నిసార్లు వచ్చిపోయింది?" అని అడిగింది.

వీధంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది బాబాయే. "నువ్వు కాలేజీకి పోవాల్సిందే తల్లీ. వీడు పోయి ఏం నేర్చుకున్నాడో చూస్తిమి గదా!"

జూన్‌లో చెల్లెలు కాలేజీలో చేరింది. ఆ తర్వాత ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. కానీ మా వీధిలో ఒక మనిషి మనసు మారింది మాత్రం, నేను నోరు మూసుకున్న ఆ పావుగంటలోనే. అరగంట తిరగకుండా మళ్లీ తెరిచాననుకోండి. ఇరవై ఏళ్లవాడు, అంతకన్నా ఎంతసేపని ఆగుతాడు, పాపం!